మూడు మోతలు

కుసుమకి ముప్ఫై ఎనిమిదేళ్లు. టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది.

ఆ అలవాటు కువైట్‌లో అబ్బింది. ఆరేళ్లు ఇంకొకరి వంటింట్లో పనిచేసింది. గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి గోడమీద బెల్ మోగేది. ఆ మోతలతోనే మలికిపురం దగ్గర ఇంటికి స్లాబు పడింది, పెద్ద టీవీ వచ్చింది, మొగుడు సత్యానికి పొట్ట వచ్చింది.

తల్లి పెద్దింట్లమ్మకి పక్షవాతమని తెలిసి తిరిగొచ్చేసింది. ఆమెని తన ఇంటికే తెచ్చుకుంది. ముసలామెకి కుడివైపు పడిపోయింది, మాట దాదాపు పోయింది. అందుకని కుసుమే ఓ బెల్ కట్టింది. రెండు పెన్సిల్ సెల్లు, ఒక బజరు, ఒక స్విచ్, వంటింటి నుంచి ముందుగది మంచం దాకా తీగ. మొదటిసారి మోగలేదు. సెల్లు దగ్గర బయల్దేరిన తీగ తిరిగి సెల్లు దగ్గరికే రావాలని, మధ్యలో ఎక్కడ తెగినా మోగదని తనే కనిపెట్టింది. స్విచ్ తల్లి ఎడమచేతిలో పెట్టింది.

"ఒకటి కొడితే మంచినీళ్లు. రెండయితే పక్కకి తిప్పాలి. మరి మూడయితేనో?"

వంకరపోయిన పెదాలు కష్టపడి కదిలాయి. "...కూచో."

రోజంతా మూడే మోగేవి. "మా మేడమ్ కూడా ఇన్నిసార్లు పిలవలేదే అమ్మా! పనుంది, ఉండు" అని కుసుమ వంటింట్లోంచే అరిచేది.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం బెల్ మోగనే లేదు. హమ్మయ్య, నిద్రపోతోంది అనుకుని కుసుమ గ్లాసెడు టీ పూర్తిగా తాగింది. వెళ్లి చూసేసరికి తల్లి పోయింది. కళ్లు గుమ్మంవైపే ఉన్నాయి. బొటనవేలు స్విచ్ మీద బిగుసుకుపోయి ఉంది.

"బెల్‌లో సెల్లేవండీ?"

"రిమోట్‌లోవి అయిపోయాయి. మ్యాచ్ అవగానే పెట్టేద్దామనుకున్నా" అన్నాడు సత్యం. "ఒక్క గంటే కదా!"

స్నానం చేయించేటప్పుడు పక్కింటి సుబ్బాయమ్మగారు ఆ వేళ్లు విప్పబోయింది. రాలేదు. "పోనీలే అమ్మా, దాంతోనే పంపేద్దాం" అంది. తీగ కోసేరు. స్విచ్ ఆ గుప్పిట్లోనే కాలిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు వాన. పెరట్లో కొబ్బరి డొక్కలు నానిన వాసన. ఇంట్లో ఎవరూ లేరు. కుసుమ టీ గ్లాసు పట్టుకుని నిలబడింది.

బెల్ మోగింది.

ఒకటి... రెండు... మూడు.

సెల్లు పెట్టే చోటు ఖాళీగానే ఉంది. కుసుమ ముందుగదిలోకి నడిచింది. తెగిన తీగ కొసలు మంచం కోడుకి వేలాడుతున్నాయి. మంచం మీద పక్క కూడా లేదు. కానీ నవ్వారు మధ్యలో కిందికి దిగి ఉంది. తల్లి కాళ్లకి తను రోజూ రాసిన తైలం వాసన...

"అమ్మా" అంది. "ఆ రోజు... నొక్కేవా?"

బెల్ మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు.

కుసుమ మంచం పక్కన నేలమీద కూచుంది. చెవులు మూసుకోలేదు. గోడ గడియారంలో సరిగ్గా గంట గడిచాక బెల్ ఆగింది. నవ్వారు మెల్లగా పైకి లేచింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. బజరు తీసెయ్యలేదు.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం సత్యం భోంచేసి, ముందుగదిలోకి మార్చుకున్న టీవీ పెట్టుకుని ఆ మంచం మీదే పడుకున్నాడు. వంటింట్లో బెల్ మోగింది. నాలుగు మోతలు.

నాలుగుకి తల్లీకూతుళ్లు ఏ అర్థమూ పెట్టుకోలేదు.

ముందుగదిలోంచి సత్యం మూలుగు వినిపించినా కుసుమ వెళ్లి చూడలేదు. పీట వాల్చుకుని, కూచుని, టీ ఆఖరి చుక్క దాకా తాగింది.