జొన్నాకులో గంధకం

“ట్యూబులు తారుమారు చేసింది మీరే!”

పటాన్‌చెరులోని ఆ పరిశోధనశాలలో అంత గట్టిగా ఎవరూ అరిచి ఎరుగరు. ల్యాబ్ అసిస్టెంట్ శ్రావణ్‌కుమార్ బిత్తరపోయాడు.

“నేనెందుకు మారుస్త మేడం? మీరిచ్చినయి ఇచ్చినట్టే మిషన్ల పెట్టిన. గంతే.”

“మరి ఎంజైమ్ బయటి కణాల్లో ఎందుకు కనపడింది?”

హరిచందన పీహెచ్‌డీ అంతా జొన్నాకు మీదే. మొక్క పీల్చుకున్న గంధకాన్ని ఒంటికి పట్టేలా మార్చే ఎంజైమ్ ఒకటుంది. అది ఆకులో ఏ కణాల్లో ఉంటుందో తేల్చాలి. ఆకును మెల్లగా నూరితే మెత్తటి బయటి కణాలు ముందు చితుకుతాయి, ఈనెల చుట్టూ ఉన్న గట్టి కణాలు పీచులా మిగులుతాయి. రెండింటినీ వేర్వేరు ట్యూబుల్లో పరీక్షించాలి. మొక్కజొన్నలో అది ఈనెల చుట్టే ఉంటుందని ఎప్పుడో తేలింది. జొన్నలోనూ అంతేనని ఆమె గైడ్ దగ్గర ఢంకా బజాయించి చెప్పింది. ఫలితం తలకిందులైంది. సోమవారమే సెమినార్.

శ్రావణ్‌ది హత్నూర. ఏడాదిగా ఆమె నవ్విన రోజు అతనికి ఆకలి గుర్తొచ్చేది కాదు. ఈ రోజు మాత్రం రోషమొచ్చింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజిల కంపెనీ వాళ్లు ఎప్పట్నుంచో పిలుస్తున్నారు. అక్కడికక్కడే ఫోన్ చేసి సరేనన్నాడు.

“ఇగ నేను పోత మేడం. పోయేముందు ఇంకోసారి చేద్దాం. నా మీద మచ్చ ఉండొద్దు.”

శనివారం వానలో తడుస్తూ పొలంలోంచి లేత ఆకులు కోసుకొచ్చాడు. ఆమె తువ్వాలు అందించబోయి, మొహమాటపడి బల్ల మీద పెట్టింది. పక్కపక్కనే నూరారు, వడకట్టారు.

ఈసారి ఎంజైమ్ దాదాపు మొత్తం ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోనే తేలింది.

“సూసిన్రా! అయితే అప్పుడు మార్చిందెవరు?”

హరిచందన ఫ్రీజర్‌లోంచి పాత ట్యూబులు తీసింది. ‘బయటి కణాలు’ అని రాసిన ట్యూబు అడుగున ఈనెల పీచు! ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“ఈ రాత నాదే.”

“ఏందీ?”

“లేబుళ్లు నేనే తప్పు రాశాను. మీరు పక్కనే ఫోన్లో మీ అమ్మగారిని ‘జెర తినవే అమ్మా’ అని బతిమాలుతున్నారు. నేను వింటూ రాశాను.”

“గంత గట్టిగ మాట్లాడిన్నా?”

“గట్టిగా కాదండీ బాబూ! మీరంటే ఇష్టం కాబట్టి విన్నాను. అనవసరంగా అరిచాను, క్షమించండి.”

శ్రావణ్ వడకట్టిన గుడ్డను పిండుతూనే ఉన్నాడు. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

“గా ముచ్చట జెర ముందుగాల చెప్తే ఏమాయె? నాకు గూడ మీరంటే... ఉద్యోగానికి ఒప్పుకున్న గద!”

“వెళ్లండి. మీరిక్కడుంటే నా థీసిస్ ఈ జన్మకి అవదు.”

“మరి మనం కలిసేదెట్ల?”

“రేపు మా ఇంటికి భోజనానికి రండి. నాన్నగారు కాస్త అరుస్తారు. తర్వాత ఒప్పుకుంటారు.”

“అరవనియ్యుండ్రి,” అన్నాడు శ్రావణ్, “నాకిప్పుడు అలవాటైంది.”