పద్దెనిమిది కిలోల కాయ

కాయ నెత్తిన పడి చచ్చిపోయాడని ప్రాలిన్ దీవి అంతా నమ్మేసింది. నమ్మక ఏం చేస్తుంది? కోకో ద మేర్ అనే జంటకొబ్బరి చెట్ల వనంలో గార్డు తెయోఫిల్ చెట్టు కింద బోర్లా పడి ఉన్నాడు. తల పక్కనే గున్న ఏనుగు కుంభస్థలమంత జంటకాయ. పాదిరీ వచ్చి ప్రార్థన చేశాడు, పాతిపెట్టేశారు.

"ఫోటోలో కాయకి పచ్చ ట్యాగుంది, చూశావా?" అన్నాడు చీఫ్ మోరెల్.

రాజధాని విక్టోరియాలో, ఎండుచేపల గోదాం పైన, బోర్డు లేని ఆఫీసు అది. ఏజెంట్ దెనిస్ ఎస్పరోన్ ఫోటో చూశాడు. కాయ నేల మీదికి వచ్చాక, గార్డు నంబరు రాసుకున్నాక కట్టేది ఆ ట్యాగు. చెట్టు మీద ఉన్న కాయకి ట్యాగు ఎలా వస్తుంది?

"హత్య," అన్నాడు ఎస్పరోన్, బస్సు వచ్చిందన్నంత మామూలుగా.

చచ్చిపోయింది అతని సొంత తమ్ముడు.

నలభై రోజులైంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. గడియారం చూసి అన్నం తినేవాడు. ఆక్టోపస్ కూరైనా, బ్రెడ్‌ఫ్రూట్ చిప్సైనా నోట్లో ఒకటే రుచి, అంటే ఏ రుచీ లేదు. సమాధి దగ్గర పొడి కళ్ళతో నిలబడ్డాడని తల్లి సిదోనీ అతనితో మాటలు మానేసింది.

"మన చేపల నీళ్ళ మీద కన్నేసిన విదేశీ ముఠా. కోడ్ నేమ్ సొరచేప," చీఫ్ గబగబా చెప్పుకుపోయాడు. "శనివారం పొద్దున్న పదింటికి పొరుగు ద్వీపదేశం ప్రెసిడెంట్ ప్రాలిన్ జెట్టీలో దిగుతాడు. ఒప్పందం మీద సంతకాలైతే విదేశీ ట్రాలర్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆయన మన గడ్డ మీద చస్తే ఒప్పందం గోవిందా. మీ తమ్ముడి స్టోర్‌రూమ్‌లోంచి 411 నంబరు కాయ పోయింది. వాళ్ళని చూసుంటాడు పాపం."

"బాంబు కాయలో పెడతారు."

"అతిథికి కాయ ఇచ్చేది ఎవరు?"

"దాన్ని తొలిచి, అతికి, పాలిష్ పట్టినవాళ్ళే ఇవ్వాలి. ఆనవాయితీ." ఎస్పరోన్ ఫోటో మడిచాడు. "నలభై ఏళ్ళుగా మా అమ్మే ఇస్తోంది."

చీఫ్ తల దించుకున్నాడు. "ఆమెకి చెప్పకు. చెబితే ముఠాకి తెలిసిపోతుంది. స్వాగత ఏర్పాట్లలో మన మనిషి ఉంది, వివియెన్. కాయని స్కాన్ చేసే పని ఆమెదే."

శనివారం ఎస్పరోన్ పూల చొక్కా తొడుక్కుని, మెడలో కెమెరా వేసుకుని టూరిస్టు వేషంలో జెట్టీ మీద నిలబడ్డాడు. కెమెరా లెన్సులో వైర్‌లెస్ ఉంది. ఎర్ర టోపీ, ఎర్ర పెదాలతో వివియెన్ వచ్చి పక్కన నిలబడింది. తండ్రిది రాజధాని ఉన్న మాహే దీవే అయినా, పుట్టి పెరిగింది యూరప్‌లో. ఆమె నడుస్తుంటే బ్యాండు మేళం వాళ్ళు శ్రుతి తప్పారు.

"ఈ ఏడు లవంగాలు బాగా కాశాయా?" కోడ్ అడిగింది.

"వాన చెడగొట్టింది," కోడ్ అప్పజెప్పాడు.

"కాయ క్లీన్. పొద్దున్నే స్కానర్ కింద పెట్టి చూశా. బాంబు ప్రెసిడెంట్ కారులో ఉందట, అటు చూసుకో." తర్వాత జాలిగా నిట్టూర్చింది. "పద్దెనిమిది కిలోల కాయ. పాపం, మీ అమ్మ ఈ వయసులో ఎలా మోస్తుందో!"

ఎస్పరోన్ తలూపి కారు వైపు కదిలాడు. మామూలు రోజుల్లో అయితే ఆ మాట అతని చెవిలో ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు గాలికి పోయింది.

కారు కింద పాకి చూశాడు. ఏమీ లేదు. పైకి లేచేసరికి జాతీయగీతం మొదలైంది. ఇద్దరు సిపాయిలు పళ్ళెంలో కాయని తెస్తున్నారు. మాహే కుర్రాళ్ళు, ఆ కాయ అసలు బరువెంతో ఎరగనివాళ్ళు. మెడ నరాలు ఉబ్బి, చెమటలు కక్కుతున్నారు.

ఇద్దరెందుకు?

తొలిచిన కాయ అది! గుజ్జు తీసేశాక డొల్లే. వాళ్ళమ్మ చంటిపిల్లలా చంకనేసుకుని తిరుగుతుంది. వెనకటికి పరాయి దేశాల ఒడ్డుకి తేలి వెళ్ళినవీ లోపల గుజ్జు కుళ్ళిపోయిన డొల్ల కాయలే. నిండు కాయ రాయిలా మునిగిపోతుంది. పద్దెనిమిది కిలోలన్నది పుస్తకంలో రాసిన నిండు కాయ లెక్క. ముఠా పుస్తకం చదివి, దొంగిలించిన కాయలో బాంబుతో కలిపి సరిగ్గా అంత తూకం నింపి, స్కాన్ వంకతో అమ్మ కాయకి బదులు పెట్టేసింది.

వివియెన్ ఎర్ర టోపీ స్పీడ్‌బోటు వైపు జారుకుంటోంది.

"చీఫ్! ఎర్ర టోపీని పట్టుకోండి!" కెమెరాలోకి అరిచి పరిగెత్తాడు.

సిదోనీ అప్పటికే కాయ ఎత్తింది. నడుం వంగిపోయింది. ఆగిపోయి, ప్రెసిడెంట్ మొహం మీదే అనేసింది, "ఇదేం కాయరా నాయనా! ఇది నా చేతి కాయ కాదు!"

జాతీయగీతం ఆఖరి చరణం.

ఎస్పరోన్ సిపాయిని తోసి, తల్లి చేతుల్లోంచి కాయ లాక్కుని, జెట్టీ చివరికంటా పరిగెత్తి, లోతు నీళ్ళలోకి విసిరేశాడు. తేలలేదు, బుడుంగున మునిగింది. బ్యాండు ఆగిన క్షణంలో సముద్రం కొబ్బరిచెట్టు ఎత్తున లేచి జెట్టీ మీద విరుచుకుపడింది. ప్రెసిడెంట్ టోపీ కొట్టుకుపోయింది. మనుషులందరూ మిగిలారు.

బోటెక్కబోతున్న వివియెన్‌కి బేడీలు పడ్డాయి. "తూకం గ్రాము తేడా లేదే! ఎలా పట్టావు?" అంది.

"మీరు కాయ గురించి చదివారు. మేం మోశాం."

సిదోనీ తడిసిన గౌను పిండుకుంటూ కొడుకు వైపు చూసింది. నలభై రోజుల తర్వాత మొదటి మాట. "చొక్కా ఏంట్రా ఆ దరిద్రం?"

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పతకం ఇస్తామన్నారు. ఎస్పరోన్ సరేనన్నాడు. ఏమీ అనిపించలేదు.

వారం తర్వాత తల్లి ఇంట్లో అన్నం తింటుండగా అటవీ కార్యాలయం నుంచి నోటీసొచ్చింది. ట్యాగు నంబరు 411 కాయను అనుమతి లేకుండా సముద్రంలో పారవేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. అడుగున రబ్బరు స్టాంపు: తెయోఫిల్ ఎస్పరోన్, గార్డు. కొత్త స్టాంపు చేయించడానికి ఇంకా ఎవరికీ తీరిక దొరకలేదు.

తమ్ముడి పేరు కొంచెం వంకరగా పడింది. వాడు ఏ స్టాంపూ తిన్నగా వేసి ఎరగడు, ఈ స్టాంపు పిడే అరిగి వంకరపోయి ఉంటుంది.

ఎస్పరోన్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. కూరలో మిరపకాయ మంట అప్పుడు తెలిసింది. నోరు మండింది, ముక్కు కారింది, తర్వాత భోరుమన్నాడు. సిదోనీ పెన్ను తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది.

చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, నోటీసులో 'పారవేయుటకు కారణము' అన్న గడిలో రాశాడు: బరువెక్కువ.