ఎడమ మూతి పంపు

"ఏమండీ, ఇది మీరు అమ్మిందేనా?"

కారు వాటర్ పంపును కౌంటర్ మీద పెట్టిన ఊపు చూస్తే, ఇంకొక్క పిసరు గట్టిగా పెట్టి ఉంటే కౌంటర్ అద్దం మార్చాల్సి వచ్చేది. కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తి చూసింది. మూడు వారాల కిందట వచ్చిన డ్రాయింగ్ మాస్టారే. అప్పుడు నవ్వుతూ వచ్చాడు, ఇప్పుడు ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"నేనే అమ్మాను. ఏమైంది?"

"ఇది పట్టదు. బండిలో గొట్టం కుడివైపుంది, దాన్ని తగిలించే మూతీ కుడివైపే ఉండాలి. దీనికి ఎడమవైపుంది."

"మీరిచ్చిన బొమ్మలో ఎడమవైపే ఉంది. దాని ప్రకారమే తెప్పించాను."

"బొమ్మలో తప్పు ఉండదండీ. ఆరేళ్ళుగా పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతున్నాను."

"నేను పాకడం నేర్చుకున్నదే ఈ కొట్టులోనండీ."

ఆ మాట నిజమే. పాత కార్ల విడిభాగాలు తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు అది. మెకానిక్కులు ఆమెను 'చిన్న ఓనర్' అని పిలుస్తారు. అసలు ఓనర్ నాన్న. ఆయన మోకాలి ఆపరేషన్‌కి వెళుతూ ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. "నెల రోజులు నువ్వొక్కదానివే నడుపు. నా పద్ధతి తప్పకుండా నడిపితే కొట్టు నీది. లేదంటే పక్కనున్న టైర్లాయన అడుగుతూనే ఉన్నాడు, ఇచ్చేస్తాను."

ఆ పద్ధతి ఏమిటంటే, పాడైన పాత ముక్క కళ్ళతో చూడనిదే కొత్త ముక్క ఇవ్వకూడదు. పాత బండ్లలో ఒకే మోడల్‌కి రెండు మూడు రకాల ముక్కలు వచ్చేవి. విడిభాగాల పుస్తకాన్ని నమ్మినా, ఫోటోని నమ్మినా కొంప మునుగుతుంది. ఆమె ఇరవై ఏడు రోజులుగా ఆ పద్ధతి తప్పలేదు, ఒక్క ఈ మాస్టారి విషయంలో తప్ప.

ఆ రోజు అతను చుట్ట చుట్టిన కాగితం విప్పి కౌంటర్ మీద పరిచాడు. అతని అమ్మమ్మకి యాభై ఏళ్ళ నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది, సీట్లు రెండే. దాని పంపుని పెన్సిల్‌తో గీశాడు. ప్రతి బోల్టు రంధ్రం, ప్రతి కొలత, తుప్పు పట్టిన చోట సన్నటి నీడ. పాత ముక్క ఏదని అడిగితే, బండి ముక్కు షెడ్డు గోడకి ఆనుకుని ఉందనీ, టైర్లు గాలి పోయి నేల కరుచుకున్నాయనీ, చెయ్యి దూరడం లేదనీ చెప్పాడు. అప్పుడే పొమ్మని ఉండాల్సింది. కానీ బొమ్మ బాగుంది. గీసినాయన కూడా బాగున్నాడు. ఈ రెండో సంగతి ఆమె ఇప్పటికీ పైకి ఒప్పుకోలేదు.

"పదండి, బండి చూస్తాను" అంది తాళాలు తీసుకుంటూ.

"ఇప్పుడా? వానొచ్చేలా ఉంది."

"వస్తే రానివ్వండి. ఎవరి తప్పో తేలాలి."

సగం దారిలో వాన అందుకుంది. అతని స్కూటర్ వెనక కూర్చుని ఆమె, ముందు కూర్చుని అతను, ఒకరినొకరు చూడకుండానే పోట్లాడుకుంటూ వెళ్ళారు.

షెడ్డులో అడుగు పెట్టగానే చిన్న ఓనర్ బానెట్ లోపలికి తొంగి చూసింది. పంపుకీ గోడకీ మధ్య బెత్తెడు సందు. ఆ సందులో తీగకి కట్టి వేలాడుతూ ఒక చేతి అద్దం.

"ఇదేంటి?"

"పంపు ముందు భాగం కనిపించలేదు కదండీ. అందుకని అద్దం పెట్టుకుని, అందులో చూసి గీశాను" అన్నాడు మాస్టారు, కాస్త గర్వంగానే.

గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "నా అద్దం కనపడట్లేదని మూడు వారాలుగా ఇల్లు తలకిందులు చేస్తుంటే, దాన్ని ఇక్కడ ఉరి తీశావా!" అమ్మమ్మ. పొడుగ్గా, నిటారుగా, కారు తాళం కొంగున కట్టుకుని ఉంది.

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ అద్దం విప్పి, తన జేబుకి కుట్టిన కొట్టు పేరును అద్దంలో పడేలా పట్టుకుంది. "మాస్టారూ, ఇది చదవండి."

అతను చూశాడు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముఖమంతా.

"కుడిది ఎడమకి..." అన్నాడు నీరసంగా.

అమ్మమ్మ గోడ పట్టుకుని మరీ నవ్వింది. "ఆరేళ్ళుగా పిల్లలకి వీడు నేర్పుతున్నది ఇదీ!"

అమ్మాయి కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "మిమ్మల్ని అని ఏం లాభం? పాత ముక్క చూడకుండా ఇచ్చింది నేను. సోమవారం నాన్న వస్తారు. పద్ధతి తప్పితే కొట్టు నాకివ్వనన్నారు, అది చేజారినట్టే."

"నేను చెప్తానండీ ఆయనకి. పాత ముక్క చూపించానని చెప్తాను. మీకేం కాదు."

"వద్దు. అబద్ధంతో కొట్టు దక్కించుకుంటే రేపటి నుంచి ఆ కౌంటర్ వెనక నిలబడలేను. నా తప్పు నేనే చెప్తాను. ముందు ఈ బండి కదలాలి. ఇంట్లో గాలి పంపు ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"టైర్లలో గాలి కొట్టి బండిని వెనక్కి తోస్తే చెయ్యి దూరుతుంది కదా!"

మాస్టారు నోరు తెరిచాడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరికీ రాని ఆలోచన అది. అమ్మమ్మ మనవణ్ణి చూసిన చూపు మాత్రం ఇక్కడ వర్ణించకపోవడమే మంచిది.

కొత్త పంపు తెప్పించాలంటే ఇంకో మూడు వారాలు. అందుకని ఆమె పాతదాన్నే ఊడదీసి, కొట్టుకి తీసుకెళ్ళి, లోపలి బేరింగూ, నీళ్ళు కారకుండా ఆపే సీలూ మార్చింది. ఆదివారం సాయంత్రం తిరిగి బిగిస్తుంటే అతను టార్చ్ పట్టుకున్నాడు.

"వెలుగు ఇటు. నా ముఖం మీద కాదు, బోల్టు మీద."

"సారీ అండీ."

రెండు బోల్టులు బిగిశాయి. వెలుగు మళ్ళీ ముఖం మీదికి వచ్చింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు.

"రేపు బండి కదిలితే మీరిక రారు కదా" అన్నాడతను.

"బాగైన బండికి నాతో పనేముంటుంది?"

"నాకుంటుంది. కావాలంటే ఇంకో తప్పు బొమ్మ గీసుకొస్తాను."

"తప్పు బొమ్మలొద్దు మహానుభావా, ఊరికే రండి" అంది ఆమె, ఆఖరి బోల్టుని అవసరమైన దానికంటే ఎక్కువసేపు బిగిస్తూ. ఆమెకి చాలా సంతోషంగా ఉంది, రేపటి సంగతి తలుచుకుంటే భయంగానూ ఉంది.

సోమవారం ఉదయం మళ్ళీ మబ్బు పట్టి ఉంది. బండి ఒక్క తాళానికే స్టార్టయింది. స్టీరింగ్ ముందు అమ్మమ్మ కూర్చుని పక్క సీటు తట్టింది. "నువ్వెక్కు తల్లీ. వాడు స్కూటర్ మీద వస్తాడులే. తడిస్తే తడుస్తాడు, కరిగిపోడు."

కొట్టు ముందు బండి ఆగేసరికి, షట్టర్ ఎత్తి ఉంది. లోపల చేతికర్రతో నాన్న నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన అడిగేదాకా ఆగలేదు.

"నాన్నా, ఒక పంపు తప్పు ఇచ్చాను. పాతది చూడకుండా, బొమ్మ చూసి ఇచ్చాను. తర్వాత వాళ్ళ ఇంటికెళ్ళి పాతదే విప్పి బాగుచేశాను. ఆ బండిలోనే వచ్చాను. టైర్లాయనతో మాట్లాడాలంటే మాట్లాడుకో."

నాన్న మెల్లగా బయటికి నడిచి, అమ్మమ్మని అడిగి బానెట్ ఎత్తించాడు. పంపు కింద వేలు పెట్టి రాసి చూశాడు. వేలు పొడిగానే వచ్చింది. ఇంకాసేపు ఇంజన్ చప్పుడు విని లోపలికి వచ్చాడు. ఎప్పుడూ కౌంటర్ వెనక్కి వెళ్ళే మనిషి, ఈసారి ఇవతలే, కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూల్ మీద కూర్చున్నాడు.

"ఆవిడ బండికి వైపర్ బ్లేడ్లు ఒక జత ఇవ్వమ్మా" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నాన్నని ఆ స్టూల్ మీద ఆమె చూడలేదు. కౌంటర్ వెనక్కి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, బ్లేడ్లు తీసి ఇచ్చింది.

అంతలో, దారిలో వానకి నిలువునా తడిసిన మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం కావాలి బాబూ?" అన్నాడు నాన్న.

మాస్టారు ఆమెను చూశాడు, ఆయన్ని చూశాడు.

"ఆయన కొనడానికి రాలేదు నాన్నా. నాకోసం వచ్చారు" అంది ఆమె.

నాన్న అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "బొమ్మ గీసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఊఁ" అని కూతురి వైపు తిరిగాడు. "తడిసినవాణ్ణి అలా నిలబెట్టి మాట్లాడతావేంటమ్మా? తువ్వాలు ఇచ్చి కుర్చీ వెయ్యి."

కొట్టులో ఉన్న కుర్చీ ఒక్కటే, అది నాన్నది. ఆమె దాన్ని కౌంటర్ లోపలే, తన పక్కకి జరిపి వేసింది.