నీరటి ఇంటి మడవ

తెల్లారేసరికి ఆయిమ్‌కాన్ తందూరులో రెండో వాయి రొట్టెలు అంటించింది. తలుపు వెనక ఉండాల్సిన పార లేదు, గడప బయట ఉండాల్సిన రబ్బరు బూట్లూ లేవు. కోడలు అప్పుడే కాలువ మీదికి పోయిందన్నమాట.

"వేరే ఇళ్ళల్లో కోడళ్ళు లేచి అత్తకి టీ పోస్తారు. నా కోడలు లేచి ఊరికి నీళ్ళు పోస్తుంది" అంది ఆయిమ్‌కాన్, వినేవాళ్ళెవరూ లేకపోయినా. కొడుకు బోలోత్ ఊరి గొర్రెల్ని తోలుకుని కొండ మీది మేతబయళ్ళకి వెళ్ళాడు. మంచు పడేదాకా రాడు. ఇంట్లో మిగిలింది ఆడవాళ్ళిద్దరే.

ఎండ గోడ దిగేవేళకి బురుల్ వచ్చింది. మోకాళ్ళదాకా బురద, తలగుడ్డ జారి మెడ మీదికొచ్చింది. వస్తూనే గిన్నెలో టీ పోసి ముందు అత్తకిచ్చి, తర్వాత తను కూర్చుంది.

"రొట్టె తిను. మీగడ ఉంది. ఊరికి నీళ్ళు చేరాయా తల్లీ?"

"చేరాయత్తమ్మా. ఇవాళ సాతార్ తాత వంతు. కాలువ చివరిదాకా పోవాలి కదా, నెమ్మదిగా పోతున్నాయి."

"మరి మన వంతో?"

బురుల్ రొట్టె తుంచుతూ తల వంచుకుంది. "మనది ఆఖరున."

"తెలుసులే. నీరటి ఇల్లు కదా."

ఆక్‌తాలా ఊళ్ళో ఆ పద్ధతి తాతల నాటిది. ఎవరింటికి ఎప్పుడు నీళ్ళు తిప్పాలో చెప్పే నీరటి, తన ఇంటికి మాత్రం అందరి తర్వాతే తిప్పుకోవాలి. పాత నీరటి మోకాళ్ళు అరిగి తప్పుకున్నాడు. ఊళ్ళో మగాళ్ళు సగంమంది కూలికి ఊళ్ళు పట్టుకుపోయారు. అప్పుడు పెద్దలు బురుల్‌ని అడిగారు. జిల్లా వ్యవసాయ కచేరీలో రెండేళ్ళు పనిచేసిన పిల్ల, నోరు మంచిది, కాళ్ళలో సత్తువుంది. "ఒప్పుకో అమ్మా" అని ఆనాడు ముందుగా అన్నది ఆయిమ్‌కానే. కోడలికి గౌరవమొస్తే ఇంటికొచ్చినట్టే అనుకుంది. గౌరవం వెనకాలే ఆఖరు వంతు కూడా గుమ్మంలోకొస్తుందని అప్పుడు తట్టలేదు.

పోయిన చలికాలంలో బురుల్ ఒక కర్ర పట్టుకుని కొండ భుజం మీదికి నడిచి వెళ్ళింది. మంచులో అక్కడక్కడా గుచ్చి చూసి దిగొచ్చింది. కర్ర ఎక్కడా సరిగా మునగలేదు. ఆ వారమే పెద్దల ముందు చెప్పేసింది: "ఈ ఎండాకాలం కాలువలో సగం నీళ్ళే ఉంటాయి. ఎండలు వచ్చాక ఏడిస్తే లాభం లేదు. ఇప్పుడే మొదలుపెడదాం."

నవ్వారు. "మంచు పడాల్సిన రోజులు ఇంకా ఉన్నాయి, ఈ పిల్ల అప్పుడే గొంతు తడారిపోయినట్టు మాట్లాడుతుంది" అన్నాడు ఒకాయన. బురుల్ వాదించలేదు. ఇంటింటికీ వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ టీ తాగింది, ప్రతి ఇంట్లోనూ అదే మాట ఓపిగ్గా చెప్పింది. మొక్కజొన్న తగ్గించి శనగ, బార్లీ వేయండి. చెట్ల పాదుల్లో గడ్డి పరవండి. కాలువ గట్లకి బంకమట్టి మెత్తి, బీటలు పూడ్చుదాం. రాత్రిపూట ఊరికే వాగులోకి పోయే నీళ్ళు ఆపడానికి పైన ఒక కుంట తవ్వుదాం. వాగు గడ్డ కట్టి ఉన్న రోజుల్లోనే ఊరంతా పారలు పట్టుకుని బయల్దేరింది. ఆయిమ్‌కాన్ ఆ పనివాళ్ళకి పెద్ద బానలో నూడుల్స్ చారు కాచి పంపింది. అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే, నా కోడలు ఊరిని కదిలించింది అని ఛాతీ ఉబ్బింది కూడా.

మంచు మరి పడలేదు. వేసవి వచ్చేసరికి దిగువూళ్ళో మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. ఆక్‌తాలాలో కాలువ చివరింట్లో కూడా పచ్చదనం ఉంది. నవ్వినాయన ఇప్పుడు బురుల్ ఎదురొస్తే టోపీ సర్దుకుని పక్కకి జరుగుతున్నాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క ఆయిమ్‌కాన్ అంటు మొక్కలు తప్ప.

అంట్లు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. పల్చటి తొక్క, తేనెలాంటి గుజ్జు ఉన్న పాత రకం ఖుబానీ ఒకటి ఊళ్ళో ఆఖరి చెట్టుగా మిగిలి, పోయిన శీతాకాలం అదీ పడిపోయింది. అది పడకముందే దాని కొమ్మల్ని కోసి, పెరటి గోడ పక్కన వరుసగా అంట్లు కట్టింది ఆయిమ్‌కాన్. అవి బతికితే ఆ రకం బతుకుతుంది, లేకపోతే దాని రుచి కూడా ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు వాటి ఆకులు అంచుల్లో ముడుచుకుంటున్నాయి. గోడ అవతలే కాలువ. ఆ చప్పుడు వింటూ ఆమె ముడుచుకున్న ఆకుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో విప్పి చూసేది.

సాతార్ వంతున్న ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం మగవాళ్ళు నమాజుకి వెళ్ళారు. ఎండకి కుక్కలు కూడా నీడలు వెతుక్కున్నాయి. బురుల్ పైన కుంట దగ్గరుంది. ఆయిమ్‌కాన్ గోడ దగ్గరికి వచ్చింది, అటూ ఇటూ చూసింది, వంగి మడవకి అడ్డుపెట్టిన పలక ఎత్తింది. నీళ్ళు ఒక్కసారి పెరట్లోకి దూకాయి. కాసేపే అనుకుంది. అంట్ల పాదులు నల్లగా తడుస్తుంటే ఆ కాసేపు ఎంతకీ అయిపోలేదు. తర్వాత పలక దించి, చేతులు పావడాకి తుడుచుకుని లోపలికి వెళ్ళి పడుకుంది.

ఆమెను అరుపులు లేపాయి.

పక్కింటి అనార్ గుమ్మంలో ముసలి సాతార్ పార ఎత్తి నిలబడ్డాడు. "నా వంతులో నీళ్ళు ఆగిపోయినయ్! కాలువెంట వస్తే నీ గోడ కింద తడి! దొంగదానా, నా మొక్కలు నోరు తెరుచుకునున్నయ్ అక్కడ!"

"నీ కళ్ళు కాకులు పొడవ! నేను మడవ ముట్టుకోలేదు ముసలోడా!" అనార్ టీ కెటిల్‌తోనే ఎదురొచ్చింది. "మా గోడ కిందికి తడి ఎట్లా వచ్చిందో ఆ దేవుణ్ణడుగు!"

ఆయిమ్‌కాన్ తలుపు సందులోంచి చూస్తోంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. నలుగురూ చేరి పార లాక్కున్నారు, సాతార్‌ని కూర్చోబెట్టారు. పోతూపోతూ ఎవరో అన్నారు: "అనార్ ఇంట్లో వాళ్ళ చేతులు ఊరికే ఉండవులే."

బురుల్ సాయంత్రం వచ్చింది. పెరట్లోకి వెళ్ళింది. అంట్ల పాదుల దగ్గర వంగి, మట్టి వేళ్ళతో నలిపి చూసింది. లోపలికొచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"మీరేనా అత్తమ్మా?"

"నేనే. ఏం, ఉరేయిస్తావా?" ఆయిమ్‌కాన్ గొంతు అనుకున్నదానికన్నా పెద్దదైంది. "నా గోడ పక్కనుంచే పోతున్నయి నీళ్ళు. ఊరందరి చెట్లూ నీకు పిల్లలు, నా చెట్లు మాత్రం సవతి పిల్లలు! రోజూ పొద్దున నువ్వటు పోగానే నేనిటు చచ్చిపోతున్న వాటిని చూస్తూ కూచోవాలి. మనిషినా, రాయినా?"

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

బురుల్ ఇచ్చేది కాదు. ఇద్దరికీ తెలుసు.

"సాతార్ తాత అనార్ వదిన మీద పారెత్తాడు. తెలుసా మీకు?" అంది బురుల్. "ఆ దెబ్బ తగిలుంటే? రేపట్నుంచి ఎవరి మడవ వాళ్ళు కాపలా కాసుకుంటారు. ఎవరికి బలముంటే వాళ్ళు తిప్పుకుంటారు. తోకనున్న ఇళ్ళు ముందు ఎండిపోతాయి. చలికాలమంతా మనం తవ్వింది అందుకేనా అత్తమ్మా?"

అరవలేదు. అరిచుంటే ఆయిమ్‌కాన్ కూడా అరిచి గెలిచేది. బురుల్ పొయ్యి వెలిగించి, చారు పెట్టి, అత్తకి ముందు వడ్డించి, తను తినకుండా లేచిపోయింది.

నీళ్ళు దొంగిలించినవాళ్ళ పేరు మర్నాడు పొద్దున కుంట తూము దగ్గర, అందరి ముందూ నీరటి పిలవాలి. పేరు పలకగానే ఆ మనిషి ముందుకు రావాలి. తర్వాతి వంతు వాళ్ళకుండదు. చలికాలంలో పెద్దలతో ఆ కట్టుబాటు పెట్టించింది బురులే.

మంచం మీద వాలాక ఆయిమ్‌కాన్‌కి ఒక ధైర్యం కలిగింది. కోడలు అత్త పేరు పలకదు. మామ పేరైనా, అత్త పేరైనా నోట రాకూడదని పెళ్ళినాడే నేర్పుతారు. ఈ ఊళ్ళో ఏ కోడలూ తప్పలేదు, బురుల్ అసలే తప్పదు. కాబట్టి రేపు నా పేరు ఆ తూము దగ్గర వినపడదు. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్యే కాసేపటికి ముల్లులా గుచ్చింది. నా తప్పు దాచుకోవడానికి నాకు దొరికిన చాటు ఏది? ఆ పిల్ల మంచితనం.

పొద్దున తూము దగ్గర ఊరు ఊరంతా ఉంది. అనార్ చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడింది. ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి. ఆయిమ్‌కాన్ అందరికన్నా వెనక ఆగింది.

పెద్దాయన మమసాలీ గడ్డం దువ్వుకున్నాడు. "చెప్పమ్మా నీరటీ. ఎవరు?"

బురుల్ పార రెండు చేతులా పట్టుకుంది. "అనార్ వదిన కాదు. మడవ ఎత్తింది మా ఇంట్లో. తడి గోడ కిందినుంచి అటు పాకింది."

గుసగుసలు లేచాయి.

"మీ ఇంట్లో ఎవరమ్మా? పేరు చెప్పాలి, అది నువ్వు పెట్టించిన పద్ధతే."

బురుల్ మొహం మెడదాకా ఎర్రబడింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"ఇంటికి నేను పూచీ. నేనే అనుకోండి." పారని నేల మీద పెట్టేసింది. "నీరటి ఇంట్లోనే కట్టుబాటు నిలబడకపోతే ఆ నీరటి ఉండకూడదు. ఇంకెవర్నైనా చూసుకోండి."

"అరె, అట్లా అంటే ఎట్లా?" అని ఒకరు, "ఈ ఎండల్లో ఎవరు తీసుకుంటారు ఈ పని?" అని ఇంకొకరు. అనార్ మాత్రం చురుగ్గా అంది: "నువ్వు ఆ టైముకి ఇక్కడే కుంట దగ్గరున్నావ్, నేనే చూశాను. ఎవర్ని కాస్తున్నావే పిల్లా?"

ఆయిమ్‌కాన్‌కి తన కాళ్ళు కదలడం తెలిసింది. జనం తప్పుకుంటున్నారు. నేల మీదున్న పార పక్కకొచ్చి నిలబడింది.

"ఆయిమ్‌కాన్" అంది గట్టిగా.

అందరూ చూస్తున్నారు. ఎవరో తనను పిలిచినట్టు ఆమే ఒక్కక్షణం ఉలిక్కిపడింది.

"దొంగ పేరు ఆయిమ్‌కాన్. నిన్న మడవ ఎత్తింది నేను. అనార్ మీద పార లేస్తుంటే తలుపు చాటున నోరు మూసుకున్నదీ నేనే. దీని నోటికి నా పేరు పలికే అలవాటు లేదు, అందుకని నేనే చెప్పుకుంటున్నా. వంతు కొట్టెయ్యండి." వంగి పార తీసి కోడలి చేతిలో పెట్టింది. "పట్టుకో. దీన్ని కింద పెట్టే హక్కు నీకెవరిచ్చారు?"

సాతార్ ముందుకొచ్చాడు. "నేను అనార్‌ని అనరాని మాటలన్నా. పోనీ, నా వంతులోంచి కొంచెం వీళ్ళ అంట్లకి..."

"కుదరదు తాతా" అంది బురుల్. పార భుజానికెత్తుకుంది. "మా ఇంటికి వచ్చే వంతు లేదు. ఇవాళ అనార్ వదినది. పదండి."

ఆయిమ్‌కాన్‌కి కోపం రావాలి. రాలేదు. తన వేలు పట్టుకుని నడక నేర్చుకున్న పిల్ల ఒక్కసారిగా గుర్రమెక్కి పోతుంటే చూసినట్టు, గుండె నిండింది.

ఇంటికొచ్చే దారిలో బురుల్ ఆపుకోలేక ఏడ్చింది. "నలుగురిలో మీ పేరు... నా వల్ల..."

"నా పేరు నేను చెప్పుకోడానికేంటి? పెళ్ళై వచ్చిన్నాటి నుంచీ ఫలానా ఇంటి కోడలిని, తర్వాత బోలోత్ తల్లిని. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎప్పుడో పోయారు. చెప్తుంటే బానే అనిపించిందే. కళ్ళు తుడుచుకో, ఉన్న నీళ్ళు చాలక నువ్వొకటి."

బురుల్ ఏడుస్తూనే నవ్వింది. పెరట్లోకి వెళ్ళగానే అంట్ల మొదళ్ళలో ఓటి కుండలు పాతింది. గిన్నెలు కడిగిన నీళ్ళు వాటిల్లో పోసి మూతలు పెట్టింది. చెమ్మ నెమ్మదిగా వేళ్ళకి దిగుతుందంది.

"ఇది ముందే చెప్పొచ్చుగా?"

"చలికాలంలో చెప్పానత్తమ్మా. చెట్లకి నీళ్ళు పట్టడం నాకు నేర్పిస్తావా అన్నారు."

"అనే ఉంటాను" అంది ఆయిమ్‌కాన్, గిన్నెల నీళ్ళు మోసుకొస్తూ.

అన్నీ బతకలేదు. కొన్ని ఎండి పుల్లలయ్యాయి. మిగిలినవాటిని రోజూ వేళ్ళతో తడిమి చూస్తూనే, సాతార్ వంతు మళ్ళీ వచ్చిన రోజు ఆయిమ్‌కాన్ ఉన్ని వడికే కదురు తీసుకుని గోడ అవతలికి పోయింది. మడవ పలక పక్కనే బొంత పరుచుకుని కూర్చుంది. నీళ్ళు ఆమె కాళ్ళ పక్కనుంచే కాలువ చివరికి పోతున్నాయి.

అనార్ కెటిల్ పట్టుకుని బయటికొచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నిలబడి చూసి చూసి ఇక ఉండబట్టలేక అడిగింది:

"ఈ ఎండలో ఇక్కడేం చేస్తున్నావ్?"

"కాపలా."

"ఎవరొస్తారని?"

"నేనే వస్తానేమోనని."

అనార్ మూతి బిగించింది. బిగింపు నిలవలేదు. పక్కన చతికిలబడి రెండు గిన్నెల్లో టీ పోసింది.