మేళవింపు వారం

యోహాను మీట నొక్కాడు. పనసచెక్క స్పీకరు పెట్టెల్లో మోగుతున్న వీణానాదం ఆగి, అదే స్వరం దగ్గర రాతిపెట్టెల్లో అందుకుంది. ఆమని కళ్ళు మూసుకుంది. తీగ మీద వేలు జారే సన్నని రాపిడి ఈ పెట్టెల్లో విడిగా తెలుస్తోంది.

“రెండింటికీ మోత సమానం చేశారా?” అడిగాడు ఆమె భర్త రుత్విక్.

“చేశాను సార్. కాస్త గట్టిగా మోగిందే మంచిదని చెవి మోసపోతుంది. ముందు ఆ మోసం తీసేయాలి.” యోహాను పుస్తకాల అలమరలోని పెట్టెలను గోడ నుంచి నాలుగు వేళ్ళు ముందుకు జరిపాడు. “గోడకు ఆనిస్తే మంద్రం బురదబురదగా వస్తుంది. ఇంకోటి, రాతివాటికి ఆకలెక్కువ. మీ పాత ఆంప్లిఫైయర్ చాలదు. పనసవి అట్లా కాదు, పెట్టింది తిని ఊరుకుంటాయి.”

“నాలాగా,” అంది ఆమని.

“నువ్వా!” అన్నాడు రుత్విక్. “ఉప్పు రవ్వంత తగ్గితే వంటయంత్రం చేత మూడుసార్లు తిరిగి వండించావు.”

యోహాను మేళవరి. ఏ పెట్టెలకు ఏ ఆంప్లిఫైయర్, ఏ గదికి ఏ జత అని కుదర్చడం అతని వృత్తి. విజయవాడ ఆకాశాన్ని సరుకులు చేరవేసే డ్రోన్ తూనీగలకు వదిలేశాక ప్రతి వీధికీ ఒక మేళవరి అవసరమయ్యాడు. తెల్లారింది మొదలు మిద్దెల మీదుగా వేల తూనీగలు పొట్లాలు మోసుకుని రొద పెడతాయి. ఇంట్లోని పెట్టెలు ఆ రొదకు సరిగ్గా ఎదురైన అలను, విలోమధ్వనిని, వదులుతాయి. రెండూ కలిసి సున్నా అవుతాయి. ఆ సున్నా మీద సంగీతం నడుస్తుంది. ఏ శబ్దం ఉంచాలో, ఏది చెరపాలో తేల్చేది వివేచకం. అది పెట్టెల వెనక ఉండే అరచేయంత పలక.

ఆమనికి కావలసింది ఒక్కటే. లోపలి గదిలో ఆమె తల్లి స్రవంతి మంచం పట్టి ఏడాదైంది. కుడిపక్క పడిపోయింది. గంట కొడదామన్నా ఎడమచేతి వేళ్ళలో పట్టు లేదు. మిగిలింది సన్నని గొంతు.

“అమ్మ పిలుపు చెరిగిపోదు కదా యోహాను గారూ?”

“పోదమ్మా. మొదటి వారం రోజులూ వివేచకం మిమ్మల్ని గమనిస్తుంది. మీరు బదులు పలికిన, లేచి వెళ్ళిన శబ్దాన్ని ఉంచుతుంది. ఎవరూ పట్టించుకోనిదాన్ని తీసేస్తుంది. పక్కింటివాళ్ళ అరుపులూ మనిషి గొంతులేగా, మరి అవి పోవాలి. మీ అమ్మగారు పిలిస్తే మీరు పలుకుతారు. అది నేర్చుకుంటుంది. ఈ వారం పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంచండి, చాలు.”

ఆ చివరి మాట రుత్విక్ పాటించలేదు. పొద్దస్తమానం మోగితే చెవి అలసి తేడా పట్టలేదని అతని నమ్మకం. ఉదయం గంట, సాయంత్రం గంట, పోల్చి వినేటప్పుడే పెట్టెలు వేసేవాడు. ఆ గంటల్లో అతనిది ఒకటే నియమం: పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు.

“విన్న ధ్వని చెవిలో రెండు క్షణాలే నిలుస్తుంది, ఆమనీ. మధ్యలో ఒక్కమాట పడితే పోలిక పోయినట్టే.”

రెండో రోజు వింటూండగా లోపలి నుంచి “అమ్మాయ్” అని వినిపించింది. ఆమని లేవబోయింది. రుత్విక్ ఆగమని చేయి ఎత్తాడు. పాట అయ్యాక వెళ్ళింది. మంచినీళ్ళే, పెద్ద విషయం కాదు. ఐదో రోజు పిలుపు వచ్చినప్పుడు రుత్విక్ ఆమె వైపు చూశాడు. ఈసారి చేయి ఎత్తింది ఆమనే. రాతిపెట్టెల్లో గాయని చరణం మధ్య పీల్చుకున్న ఊపిరి వినిపిస్తోంది. దాన్ని వదులుకోవాలనిపించలేదు.

వారం ముగిసింది. రాతిపెట్టెలు, వాటికి తగ్గ కొత్త ఆంప్లిఫైయర్ అలమరలోకి చేరాయి. ఇక పగలంతా పెట్టెలు వేసే ఉండేవి. హాల్లో, వంటింట్లో తూనీగల జాడ లేదు. ఆమని వేళకు తల్లికి అన్నం తినిపించేది, ఒళ్ళు తుడిచేది. మంచం పక్కన నిలబడితే తల్లి మాట బాగానే వినిపించేది. తల్లి పిలవడం తగ్గినట్టనిపించింది. నిమ్మళించిందనుకుంది ఆమని.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం పక్కదుప్పటి మారుస్తుంటే నడుము కింద చర్మం కమిలి, ఊడి కనిపించింది. దుప్పటి తడిసి, ఒకసారి ఆరి, మళ్ళీ తడిసి ఉంది.

“ఇంతసేపు ఇట్లా ఎందుకున్నావమ్మా? పిలవొచ్చుగా!”

“పిలిచాను.”

“ఎప్పుడు?”

“పిలిచినన్నాళ్ళు పిలిచాను. తర్వాత మానేశాను.” తల్లి కళ్ళు గోడకేసి తిప్పుకుంది. “పాటలు వింటున్నారుగా. చిన్నప్పటి నుంచీ నీకు పాటలంటే ఇష్టం.”

యోహాను వచ్చి వివేచకాన్ని విప్పి, చెరిపిన శబ్దాల పట్టీ తెరిచాడు. తూనీగలు, పక్కింటి మోటారు, కుక్క. ఆ కింద ఒక వరుస చదివి ఆగిపోయాడు. ఆమని తనే చదువుకుంది: ‘లోపలి గది. స్త్రీ స్వరం. బలహీనం. నూట నలభై రెండు సార్లు. చివరిది పదకొండు రోజుల కిందట.’

“మొదటి వారంలో పెట్టెలు వేసి ఉంచిన కాసిని గంటల్లోనే ఇరవై మూడు పిలుపులు విన్నదమ్మా ఇది,” అన్నాడు యోహాను తల వంచుకుని. “ఒక్కదానికీ ఎవరూ పలకలేదు, లేచి వెళ్ళలేదు. దీన్ని చేసినవాళ్ళు, ఇంట్లో మనిషి పిలిస్తే పలకకుండా ఉంటారని అనుకోలేదు.”

“ఇప్పుడు సరిచేయగలరా?”

“ఈ వరుస కొట్టేశాను. ఇక అమ్మగారి పిలుపు వినిపిస్తుంది.”

రుత్విక్ పెట్టెల తీగలు పీకేశాడు. ఒక్కసారిగా తూనీగల రొద ఇంట్లోకి విరుచుకుపడింది. ఆమని పరుగున తల్లి దగ్గరకెళ్ళింది.

“అమ్మా, నేను హాల్లో ఉంటాను. ఒక్కసారి పిలు. వినిపిస్తుందో లేదో చూస్తాను.”

తల్లి సరేనన్నట్టు రెప్పలు వాల్చింది. ఆమని హాల్లో నిలబడింది. చాలాసేపటికి తిరిగి వచ్చింది.

“పిలిచావా?”

“వస్తావుగా నువ్వే,” అంది తల్లి మెల్లగా.

“అత్తయ్యా, తప్పు నాది. నన్ను పిలవండి. కోప్పడడానికైనా సరే,” అన్నాడు రుత్విక్ గుమ్మంలోంచి. ఆమె చిన్నగా నవ్వి, “నీకెందుకు బాబూ శ్రమ,” అంది.

ఆ తర్వాత ఆమని తన కుర్చీని లోపలి గది గుమ్మం పక్కకు మార్చుకుంది. ఆ రొదలోనే కూరలు తరిగేది, ఒక చెవి లోపలికి పెట్టి. గంటకోసారి తొంగిచూసేది. ఒక్క పిలుపూ రాలేదు. ఎనిమిదో రోజు పదకొండు గంటలప్పుడు లోపల ఏదో లోహం నేలను తాకిన చప్పుడైంది. కత్తి పడేసి వెళ్ళింది.

గ్లాసు దొర్లుతోంది. నీళ్ళు గచ్చంతా పారాయి. తల్లి నడుము దాకా మంచం కిందికి జారిపోయి, ఎడమమోచేతిని మంచం పట్టీకి తగిలించుకుని వేలాడుతోంది. మెడ నరాలు తేలాయి. కళ్ళు కూతురు ముఖం మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం గట్టిగా మూసే ఉన్నాయి.