అంజూరు పుల్లలు

తెల్లారేసరికి డబ్బాలో ఇంకో ఆకు రాలి ఉంది.

సర్దార్‌బీ దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆకు ఎండలేదు. పసుప్పచ్చగా, ఉడికిన తోటకూరలా మెత్తగా ఉంది. వంటింటి వెనక గోడవారన ఐదు నూనె డబ్బాలు, ఐదింట్లో ఐదు అంజూరు పుల్లలు. రెండు అప్పటికే నల్లబడ్డాయి. మిగిలిన మూడూ అదే దారిలో ఉన్నాయి. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి మూడింటికీ నిండుగా పోసింది.

ఆ ఏడాది హైవేని నాలుగు వరసలు చేస్తూ చిలకలూరిపేట శివార్లలో వాళ్ళ ఇల్లు కొట్టేశారు. ఇంటితోపాటు పెరట్లో అంజూరు చెట్టూ పోయింది. పెళ్ళయిన ఏడాది ఆమె భర్త ఇమాం హుస్సేన్ నాటిన చెట్టది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కూల్చే మిషను రాకముందే సర్దార్‌బీ బొటనవేలంత లావు కొమ్మలు ఐదు కోసి తడిగుడ్డలో చుట్టింది. సామాను వ్యానుకెక్కిస్తుంటే కోడలు అనీసా ఆ మూట చూసి, "ఈ పుల్లలు కూడానా అత్తమ్మా? పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తాయి?" అంది.

అంతే. ఆ రోజు నుంచి అత్త కోడలితో మాట్లాడలేదు. రెండు నెలలు దాటింది.

ఊళ్ళో అద్దె ఇంటికొచ్చాక పుల్లల్ని ఇసుకలో గుచ్చి, గోనె కప్పి కాచుకుంది. నలభయ్యో రోజున దారాల్లాంటి తెల్లటి వేళ్ళు కనిపిస్తే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అవి మామూలు మట్టిలో పడకూడదని, భర్త కౌలుకు చేసిన చేనుకి వెళ్ళి నల్లరేగడి మట్టి బస్తాడు మోయించుకొచ్చి, డబ్బాల్లో నింపి నాటింది. పత్తీ మిరపా పండిన నేల. ఇంతకంటే బలమైన మట్టి ఎక్కడుంటుంది? అయినా ఎందుకు చస్తున్నాయో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అనుమానం అనీసా మీదికి పోయింది.

ఆ రోజు అనీసా పనికెళ్ళే మిల్లుకి సెలవు. అనీసా గిన్నెలు తోముతోంది. కొడుకు జాన్ బాషా పళ్ళు తోముకుంటున్నాడు.

"ఒరేయ్ బాషా," అంది సర్దార్‌బీ కోడలికి వినపడేలా, "సబ్బు నీళ్ళన్నీ డబ్బాల్లో కుమ్మరిస్తే ఏ మొక్క బతుకుతుందో మీ ఆవిణ్ణి అడుగు."

"అమ్మా, పొద్దున్నే ఏంటమ్మా!"

అనీసా చేతిలో గిన్నె ఠంగున కింద పడింది.

"ఆయన్నెందుకు, నన్నే అడగండి. నేను సబ్బు నీళ్ళు పోశానా? రోజూ మంచినీళ్ళు పోశాను! మీరు నమాజులో ఉన్నప్పుడు, మిల్లు వ్యాను రాకముందు, ఒక్కోదానికి చెంబెడు!"

రెండు నెలల తర్వాత సర్దార్‌బీ కోడలితో నేరుగా అన్న మొదటి మాట, "నువ్వా? ఎందుకూ?"

"చచ్చిపోతాయేమోనని. ఆ చెట్టు మీ ఒక్కరిదే అనుకున్నారా? మన పిల్ల నగ్మా కడుపులో ఉన్నప్పుడు నాకు ముద్ద దిగేది కాదు. మామయ్య రోజూ పొద్దున్నే ఒక పండు కోసి, కండువాతో తుడిచి, 'ఈ ఒక్కటీ తినమ్మా' అని గుమ్మంలో నిలబడేవాడు. నేను తినేదాకా కదిలేవాడు కాదు." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పుల్లలని అన్నాను. నిజమే. ఇల్లు పోతుంటే ఏడుపు ఆపుకోడానికి నోటికొచ్చింది అన్నాను. మీరు నా మొహం చూస్తేగా నేను చెప్పేది!"

సర్దార్‌బీ అరుగు మీద కూలబడింది. ఆ కండువా సంగతి ఆమెకు తెలియదు. ఆ వేళకి ఆమె పాలకి వెళ్ళేది. ఇన్నాళ్ళూ ఆ చెట్టు తనకొక్కదానికే పోయిందనుకుంది.

జాన్ బాషా నోట్లో నురగ ఉమ్మేసి గొణిగాడు. "మరి నేను కూడా..."

"ఏంట్రా?"

"పరుపుల కొట్టు కట్టేసి వచ్చాక సాయంత్రం పోస్తున్నా. మీ ఇద్దరికీ మాటల్లేవు కదా, మధ్యలో ఇవి ఎండిపోతాయని..."

గోడవతల పెద్దగా నవ్వు వినపడింది. పక్కింటి ఏసోబు. పొలాల్లో మిరపనారు పోసి అమ్మేవాడు. "రోజుకి మూడుసార్లా? పెళ్ళికొడుక్కి కూడా ఇంత మర్యాద చెయ్యరమ్మా!" అంటూ వచ్చి డబ్బాలో వేలు దించి వాసన చూశాడు. "కుళ్ళు. నల్లరేగడి చేలో బంగారం, డబ్బాలో బురదగుంట. పట్టుకున్న నీళ్ళు వదలదు. పైగా అడుగున చిల్లే లేదు! మా నారుమడికి ఇంత పోస్తే వారంలో పడుకుంటుంది."

"ఇప్పుడు బతుకుతాయా బాబూ?" అంది సర్దార్‌బీ.

"చూద్దాం పట్టండి."

ఏసోబు చెప్పినట్టు ముగ్గురూ చేశారు. జాన్ బాషా డబ్బాలకి మేకుతో చిల్లులు పొడిచాడు. అనీసా ఇసుకా, బాగా మాగిన పశువుల ఎరువూ, కాస్త ఎర్రమట్టీ కలిపింది. సర్దార్‌బీ వేళ్ళు కడిగి, జిగురు పట్టినవాటిని కత్తెరతో తీసేసింది. ఒక పుల్లకి రెండే తెల్లటి వేళ్ళు మిగిలాయి. అన్నీ నీడకు చేరాయి.

"ఊపి చూడొద్దు. వేలు దించండి, తడి తగిలితే చెంబు ముట్టొద్దు. రోజూ పొయ్యాలనే ప్రేమే దీన్ని చంపేది," అని ఏసోబు వెళ్ళిపోయాడు.

పొయ్యడం కంటే పొయ్యకుండా ఉండటం కష్టమైంది. నాలుగో రోజు తెల్లవారుజామున సర్దార్‌బీ నమాజు చాప చుట్టి బయటికొస్తే అనీసా చెంబుతో నిలబడి ఉంది.

"చెంబు కింద పెట్టు."

"కొంచెమే అత్తమ్మా, నోరు తడుపుదామని..."

"దానికి నోరెక్కడుందే! వేలు పెట్టి చూశావా?"

అనీసా వేలు దించింది. తడిగానే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ పూట టీ ఇద్దరూ గడప మీద కూర్చుని తాగారు.

ఒక పుల్ల పోయింది. రెండు వేళ్ళున్నది మాత్రం పోలేదు. పదమూడో రోజున దాని కణుపు దగ్గర గోరంత పచ్చటి మొగ్గ పగిలింది. మర్నాడు రెండోదీ చిగురించింది. అనీసా మిల్లు వ్యానుని ఆపించి మరీ లోపలికి పరిగెత్తుకొచ్చి చూసి వెళ్ళింది.

నెల తిరిగేసరికి మార్టూరు నుంచి సర్దార్‌బీ చెల్లెలు పిలిచింది, తన మనవరాలి పెళ్ళిచూపులు, వారం ఉండమని. అద్దె ఇంటికొచ్చాక సర్దార్‌బీ ఒక్క రాత్రి కూడా ఆ డబ్బాల్ని వదిలి పోలేదు. సంచి సర్దుకుని అనీసా చేతికి చెంబు ఇచ్చింది.

"నువ్వే చూసుకో. మీ ఆయన్ని దగ్గరికి రానివ్వకు."

"రానివ్వను."

"మీ మామయ్య ఉంటే నీకే అప్పజెప్పేవాడు," అని కోడలి చెంప తడిమి బస్సెక్కింది.

బస్సు ఊరు దాటకముందే సర్దార్‌బీకి నిద్ర పట్టింది. కండక్టరు వచ్చి "మామ్మగారూ, మార్టూరు" అని భుజం తట్టేదాకా లేవలేదు.