అమ్మకు కరకరలాడేది కావాలి

పొద్దున్నే బంగాళాదుంప ముక్కలను రెండోసారి ఉడికించి నీళ్లు పారబోస్తున్న చిన్నకూతురికి చెత్తబుట్టలో తెరిచిన రేకు డబ్బా కనబడింది. అమ్మ కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. ఒంట్లో పొటాషియం పెరిగితే ప్రాణానికే ముప్పు. దుంపల్లో అది ఎక్కువ, అందుకే ఈ రెండుసార్లు ఉడికించడం.

పరుగున గదిలోకి వెళ్లింది. అమ్మ మంచం మీద కూర్చుని తెల్లటి బిళ్లలేవో కరకరా నములుతోంది. పక్కనే రాత్రి వచ్చిన అక్క.

"ఏం పెట్టావక్కా?"

"వాటర్ చెస్ట్‌నట్స్. పేరుకే నట్టు, నీళ్లలో పెరిగే దుంపే."

"దుంపా! అమ్మను చంపుతావా?" గిన్నె లాక్కుని బుట్టలో బోర్లించింది.

అమ్మ ఖాళీ చేతుల వంక చూసుకుంది. "బడి వంటగదిలో ఎంతమంది పిల్లలకో కమ్మగా వండిపెట్టాను. నువ్వు నాకు పెట్టేది నానబెట్టి, ఉడకబెట్టి, పిండేసిన పిప్పి. నాకు పళ్లున్నాయన్న సంగతే మర్చిపోయానే. ఇక ఆ డయాలసిస్ మిషన్ దగ్గరికి రాను."

"కోపంలో అంటున్నావు."

"కాదమ్మా. డాక్టరుకు చెప్పేశాను. అక్కను రమ్మన్నదీ అందుకే. నీకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

చిన్నకూతురు గోడవారగా కూర్చుండిపోయింది.

"డైటీషియన్ని అడిగే తెచ్చాను," అంది అక్క మెల్లగా. "పచ్చివి కూడదట. డబ్బాలోవైతే నీళ్లు వంపేసి బాగా కడిగి, కొద్దిగా పెట్టొచ్చంది. పీచూ ఉంటుందట."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఎవరి మాట వింటున్నావే నువ్వు?"

ఇన్నాళ్లూ చిన్నకూతురు రక్తపరీక్ష అంకెలనే కాపలా కాసింది. ఆ అంకెల వెనక అమ్మ ఆకలి చచ్చిపోతుంటే చూసుకోలేదు.

లేచి వంటింట్లోకి వెళ్లి ఇంకో డబ్బా తెరిచింది. నీళ్లు వంపి, ముక్కలను పదేపదే కడిగింది. గుడ్డు తెల్లసొన, వెల్లుల్లి వేయించింది.

"ముక్కలు ఎప్పుడు వెయ్యనమ్మా?"

"ఎప్పుడేసినా మెత్తబడవులే. మిరియాల పొడి మాత్రం దించేముందు చల్లు." గుమ్మం పట్టుకుని నిలబడ్డ అమ్మ గొంతులో చాన్నాళ్లకు పాత వంటమనిషి పలికింది.

ముగ్గురూ ఒకే పళ్లెంలో తిన్నారు. చిన్నకూతురు అడిగింది.

"రేపు ఆసుపత్రికి వెళ్దామా అమ్మా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ చూపులో బతిమాలింపు చూసి, కూతురు మళ్లీ అడగలేదు. అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపటికి ముఖం తుడుచుకుని, "ఇంకేం తినాలని ఉందమ్మా?" అంది.

అమ్మ ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. కూతురు దేనికీ వద్దనలేదు.